అమ్మ రేడియో చెప్పిన సంగతి

మా ఇంట్లో నా బల్లంటే అందరికీ చిన్నచూపే. వైరు ముక్కలు, సోల్డరింగ్ ఐరన్, విప్పేసిన స్పీకర్లు... "పాత సామాన్లోడికి వేస్తే ఉల్లిగడ్డలన్నా వస్తయి" అంటుంది మా ఆవిడ. ఆ బల్ల మీద పుట్టిన రెండు వస్తువులు కలిసి ఈ ఎండాకాలం నాకో సంగతి చెప్పాయి.

మొదటిది అమ్మ రేడియో. నాన్న కొన్న పాత వాల్వు రేడియో మూగబోయి ఏళ్లయింది. టేకు పెట్టె మాత్రం చెక్కు చెదరలేదు. దాన్లో రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు, ఒక డాక్ బోర్డు, కొత్త స్పీకరు అమర్చాను. కంప్యూటరులోని అంకెల్ని స్పీకరుకు పనికొచ్చే కరెంటు అలలుగా మార్చేదే డాక్. మెమరీ కార్డు నిండా ఘంటసాల, లీల, సుశీల పాటలు. ఫోను తెర మీద అమ్మకు వేలు నిలవదు. అందుకే పాత నాబ్‌లే ఉంచాను. ఒకటి తిప్పితే పాట మారుతుంది, ఇంకోటి సౌండు. అయితే అది అప్పుడప్పుడు ఆగిపోయేది. ఎక్కడ ఆగుతోందో పట్టుకుందామని, ఏ పాట ఎన్నింటికి మొదలైందో ఒక ఫైల్లో రాసుకునేలా ప్రోగ్రాం పెట్టాను.

రెండోది వాతావరణ కేంద్రం. పేరు పెద్దదే గానీ, ఈఎస్‌పీ 8266 అనే వైఫై చిప్పు, దానికి బీఎంఈ 280 సెన్సరు. వేడి, గాలిలో తేమ, పీడనం మూడూ చెబుతుంది. డాబా పిట్టగోడ మీద పెట్టిన రోజే 53 డిగ్రీలు చూపించింది! ఖమ్మం ఎండలు నిజమే గానీ మరీ అంతా? తప్పు నాదే. ఎండలో పెట్టిన సెన్సరు గాలి వేడిని కాదు, తన ఒంటి వేడిని చెబుతుంది. వాతావరణ శాఖ వాళ్లు థర్మామీటరును గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో నీడన ఉంచేది అందుకే. నేను పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు బోర్లించి, ఒకదాని మీద ఒకటి సందు వదిలి పేర్చి, మధ్యలో సెన్సరు పెట్టాను. అంకె దారికొచ్చింది. ఇంకో సెన్సరు మిగిలితే, పైఅంతస్తులో అమ్మ గదిలో తగిలించాను.

మే నెలలో రేడియో మళ్లీ ఆగింది. ఫైలు తెరిచాను. రాత్రి 1.40, 2.15, 3.05... రెండు వారాల్లో పదకొండు రాత్రులు పాటలు మోగాయి.

"అమ్మా, నిద్ర పడతలేదా?"

"మంచిగనే పడుతుంది రా."

వాతావరణం లెక్కను దాని పక్కన పెట్టి చూశాను. రాత్రి 11 గంటలకు బయట 31, అమ్మ గదిలో 37. గాలివాన వచ్చిన రాత్రులు మాత్రం రేడియో పలకలేదు. పగలంతా ఎండ తాగిన స్లాబు, రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతోంది. ఒంటి వేడంత ఉన్న గాలిని ఫ్యాను ఎంత తిప్పితే మాత్రం ఎంతని చల్లబడుతుంది? బీపీ మాత్రలు వేసుకునే మనిషి మూడు ఎండాకాలాలుగా ఆ గదిలోనే పడుకుంటోంది. కింద ఏసీ గదిలో నేను!

ఆ రాత్రే మంచం కిందికి దించాం. ఆదివారం డాబాకు జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేశాం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. తర్వాతి వారం అదే వేళకు, బయట దాదాపు అంతే వేడి ఉన్నా, గదిలో 34. "నా గది నాకు కావాలె" అని అమ్మ పైకి వెళ్లిపోయింది.

ఇదంతా గొప్పగా చూపిస్తుంటే అడిగింది: "అంటే, నేను రాత్రి ఏం పాట వింటున్ననో నువ్వు రాసుకుంటున్నవా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ ఫైలు చెరిపేశాను, ప్రోగ్రాంలో ఆ ముక్కా తీసేశాను. సెన్సరును మాత్రం ఉండనిమ్మంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు పైగదిలో పడుకుంటుంటే, ఇంత హంగామా అక్కర్లేదు. ఒక మామూలు థర్మామీటరు గోడకు ఆనకుండా వేలాడదీసి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి.

ఇప్పుడు పొద్దున టీ ఇస్తూ అడుగుతున్నాను, నిద్ర పట్టిందా అని. "మంచిగనే" అంటుంది. సెన్సరు అంకె చూసి, ఇంకోసారి అడుగుతాను.