టమోటా గంపయు, రాగుల పాతరయు



2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున మేలురకపు టమోటా ధర కిలోకు 200 రూపాయలను సమీపించెను. ఆ సీమలోనే మఱికొన్ని ఏండ్లలో కోతకూలియైనను గిట్టక పండ్లను బాటప్రక్కన పాఱబోసిన రైతులు కలరు. నేల యదియే, చాకిరి యదియే. మఱి యింత తేడా యేల? పంట యెంత వచ్చెనన్నది యొక కారణము. వచ్చినదానిని ఎంత త్వరగా, ఎంత దూరము చేర్పగలమన్నది రెండవది. ఈ రెండవదానితో మన వంటయింటికి గల సంబంధమును ఈ మాసము ముచ్చటించుకొందము.

పెద్దమండ్యము మెట్టసీమ. అచ్చట పండిన టమోటా ములకలచెఱువు, గుఱ్ఱంకొండ, మదనపల్లె మార్కెట్లకు పోవలెను. అచ్చట వేలమైన పిదప లారీలలో తమిళనాడు మొదలు ఢిల్లీ వఱకును పోవును. పండిన టమోటా కొలది దినములకంటె నిలువదు. లారీ యొకదినము ఆగినచో కొనువాడు ధర తగ్గించును. అమ్మువాడు గంపలను తిరిగి యింటికి గొనిపోజాలడు. 2020 మార్చిలో కరోనావలన దేశమంతట రాకపోకలు నిలిచినపుడు ఈ సంగతి అందఱికిని తెలిసివచ్చెను. ఆ యేటి సెప్టెంబరులో అనంతపురమునుండి ఢిల్లీకి కిసాన్ రైలు పండ్లను, కూరలను మోసికొనిపోయెను.

మన ముత్తవ్వలు నమ్ముకొన్నది రాగులను. పాతరలో పోసిన రాగులు ఏండ్లతరబడి నిలుచును. ధర నచ్చకున్న అమ్మకుండవచ్చును. వాన లేకున్న సంగటి వండుకొనవచ్చును. అట్లని పాతరయొక్కటియే చాలునని తలంపరాదు. 1876–78 సంవత్సరముల ధాత కఱవులో మదనపల్లె సీమ కడప జిల్లాలో నుండెను. రైలుస్టేషనులకు చేరిన ధాన్యమును లోపలి పల్లెలకు మోయవలసిన ఎద్దులు మేతలేక చచ్చెను. ములకలచెఱువు మీదుగా పాకాల–ధర్మవరము రైలుమార్గము వచ్చినది ఆ కఱవు గడచిన తరువాతనే. కావున బాటయు వలయును, పాతరయు వలయును.

భూమియంతయు టమోటాకే యిచ్చిన యిల్లాలికి లారీ రెండుమార్లు రావలెను: పంటను గొనిపోవుటకొకమాఱు, బియ్యము, పప్పు, నూనె తెచ్చుటకొకమాఱు. ధర పడిననాడు పెరటినిండ పండ్లున్నను అంగడికి పోవుటకు చేత కాసుండదు. పంట కలిగియు పస్తుండుట యనగా నిదియే.

అందువలన విత్తుటకు ముందే యింటిలో మాటాడవలెను. ఒక చెక్కయైనను రాగులకు, కందులకు, అనుములకు విడువుడు. టమోటానారు అంతయు నొక్కమాఱే నాటక కొన్నిదినముల యెడముతో నాటినచో కోతలన్నియు నొకే వారమున మీదపడవు. ధర పడినపుడు గట్టిపండ్లను తఱిగి, ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి యెండబెట్టిన ఒరుగులు కొన్ని నెలలు పులుసునకు వచ్చును. ఈ పనిని స్వయంసహాయక సంఘముల సోదరీమణులు కలిసి చేసికొన్నచో ఖర్చు తగ్గును. పట్టణములందలి మనము పండు చౌకగా నున్నపుడు నాలుగుకిలోలు హెచ్చుగా కొని నిలువపచ్చడి పెట్టుకొందము. అది మనకు పొదుపు, పండించిన యింటికి ఆసరా.

బాట బాగుపఱచుట ప్రభుత్వము పని. పాతర నింపుట మాత్రము మన చేతిలోనిది.