తోమా లేని ఆదివారం

ప్రభువు తిరిగి లేచిన ఆ మొదటి ఆదివారం సాయంకాలం శిష్యులు భయంతో తలుపులు వేసుకుని ఒక ఇంట్లో కూర్చున్నారు. యేసు వచ్చి వారి మధ్య నిలిచాడు. తన చేతులు చూపించాడు, తన ప్రక్కను చూపించాడు. వారి దుఃఖమంతా సంతోషమైపోయింది. ఇంత గొప్ప సంగతి రాసిన తరువాత యోహాను ఒక చిన్న మాట చేర్చాడు (యోహాను 20:24). పన్నెండుమందిలో ఒకడైన తోమా ఆ వేళ అక్కడ లేడు.

ఎందుకు లేడో యోహాను రాయలేదు. ఏ పని మీద బయటికి వెళ్లాడో, ఎవరింట్లో తలదాచుకున్నాడో, దుఃఖం ఆపుకోలేక ఎక్కడ ఒంటరిగా కూర్చున్నాడో మనకు తెలియదు. మనం మాత్రం అతనికి అనుమానపు తోమా అని పేరు పెట్టి, ఈస్టరు వెళ్లిన మరుసటి ఆదివారం ప్రతి ఏటా అతని అనుమానం మీదే ప్రసంగాలు వింటున్నాం. అనుమానం కంటే ముందు అతని ఖాళీ స్థలం ఉంది. తక్కినవారితో పాటు ఆ రాత్రి అక్కడ ఉండి ఉంటే అతను అనుమానించేవాడే కాదేమో.

తోమా ఖాళీ స్థలం గురించి ఆలోచించవలసిన కాలం మన సంఘాలకు ఇదే. పాత ఆదిలాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలైంది గానీ, సంఘాల చుట్టరికాలు, పెళ్లిళ్లు, కూటాలు అన్నీ ఇంకా పాత జిల్లా లెక్కనే నడుస్తున్నాయి. అడవిలో మోదుగలు ఎర్రబడే వేళకు మనకు శ్రమల దినాలు మొదలవుతాయి. భస్మ బుధవారం నుంచి ఇంటింటి కూటాలు. ఒకరోజు ఒకరింట్లో, మరురోజు మరొకరింట్లో చాపలు పరుచుకుని పాటలు, వాక్యం, చివర్లో ఒక గ్లాసు చాయ్. ఆ తరువాత ఈత మట్టలు పట్టుకుని పిల్లలు ముందు నడిచే మట్టల ఆదివారం. శుక్రవారం నాడు పన్నెండు నుంచి మూడు గంటల దాకా, రేకుల కప్పు కింద చెమటలు కారుతుండగా ఏడు మాటల ధ్యానం. ఆపైన ఆదివారం చీకటితోనే లేచి సమాధుల తోటకు. ఏడాది మొత్తంలో సంఘం ఇన్నిసార్లు కలుసుకునే కాలం ఇంకొకటి లేదు.

చిక్కు ఏమిటంటే, ఈ ప్రాంతంలో పేదవానికి ఊపిరాడని పనికాలం కూడా సరిగ్గా ఇదే. మార్చి నడిమి నుంచి ఇప్పపూలు రాలుతాయి. రాత్రి మొదలుపెట్టి పొద్దు పొడిచేదాకా రాలుతూనే ఉంటాయి. పశువులు మేయకముందే, ఎండకు వాడకముందే ఏరుకోవాలి. కాబట్టి అడవి అంచు పల్లెల్లో ఇంటిల్లిపాదీ గంపలు తీసుకుని చీకట్లోనే చెట్ల కిందికి వెళతారు. ఇప్పపూల వెనకే తునికాకు. యాభై ఆకులు కలిపి ఒక కట్ట కట్టడం, కల్లంలో ఎండబెట్టడం. గోదావరి ఒడ్డు పల్లెల్లో పసుపు ఉడకబెట్టే పనులు. అవి ముగిసేసరికి ఎండ ముదురుతుంది.

ఈస్టరు తేదీ ఎలా వస్తుందో చాలామందికి తెలిసే ఉంటుంది. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం అది. ఎంత ముందు వచ్చినా మార్చి 22, ఎంత వెనక వచ్చినా ఏప్రిల్ 25. అంటే ఈస్టరు ఏ సంవత్సరం ఎప్పుడు వచ్చినా ఇంచుమించు ఇప్పపూల కాలంలోనే వస్తుంది. పున్నమి దాటిన వారం రోజుల్లోపే కనుక ఆ తెల్లవారుజామున చంద్రుడు ఇంకా ఆకాశంలోనే ఉంటాడు. ఆ వెన్నెల్లోనే కొందరు సమాధుల తోటకు నడుస్తారు, ఆ వెన్నెల్లోనే మరికొందరు ఇప్పచెట్ల కిందికి నడుస్తారు.

పండుగకు ఎందుకు రాలేదని అయ్యగారు అడిగితే ఒక పల్లెలో పెద్దమ్మ అన్న మాట నాకు చాలాకాలంగా గుర్తుండిపోయింది. "అయ్యగారూ, పువ్వు రాలేదే కొన్ని దినాలు. ఆదివారమని చెట్టు ఆగుతదా?"

బొగ్గు బావుల ఊళ్లలో ఇంకో రకం. మందమర్రి, శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్ ప్రాంతాల్లో ఏ సంఘంలోనైనా గనికి పోయేవాళ్లు ఉంటారు. అక్కడ మనుషుల రోజును పంచేవి షిఫ్టులు. మొదటి షిఫ్టువాడు సాయంత్రం కూటానికి వస్తాడు, రెండో షిఫ్టువాడు రాలేడు. రాత్రి షిఫ్టు దిగినవాడు ఆరాధనలో కూర్చుంటే ప్రసంగం మధ్యలో తల వాలిపోతుంది. ఆదివారం సెలవే కదా అంటే, ప్లేడే డ్యూటీ పడితే ఆ నెల పిల్లల ఫీజుకు ఆసరా అవుతుంది. పైగా భూగర్భ గనిలో నీటికి పండుగ లేదు. పంపులు ఆపితే బావి మునుగుతుంది, గాలి ఫ్యాన్లు ఆగితే ప్రమాదం. క్రిస్మస్ అయినా ఈస్టరు అయినా ఆ రోజు ఎవరో ఒకరు ఆ పంపు దగ్గర ఉండవలసిందే. ఆసుపత్రిలో నర్సు, బస్సు మీద డ్రైవరు కూడా అంతే.

వీళ్లు పండుగను కాదనుకున్నవాళ్లు కారు. వీళ్ల చేతుల్లో వీళ్ల సమయం లేదు, అంతే. మరి మన సంఘాల్లో ఏం జరుగుతున్నది? పండుగకైనా రాని విశ్వాసం ఏం విశ్వాసమని వేదిక మీదినుంచి ఒక మాట జారుతుంది. విన్నవాళ్లు ఇంటికి వెళ్లి రానివాళ్లకు చెబుతారు. మూడు వారాలు పని వల్ల రాని మనిషి నాలుగో వారం సిగ్గు వల్ల రాదు. అలా సగం ఏడాది గడిచాక, ఆ కుటుంబం చల్లారిపోయిందని మనమే తీర్పు చెబుతాం. తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది ఎవరో ఆలోచించం.

కొరింథు సంఘంలో సరిగ్గా ఇదే గొడవ జరిగింది. మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయాన్ని మనం సంస్కారానికి ముందు నెలనెలా చదువుకుంటాం. ఎక్కువగా రొట్టె, ద్రాక్షారసం గురించిన వచనాల దగ్గరే ఆగుతాం. ఆ మాటలు పౌలు రాయవలసి వచ్చిన సందర్భం వేరు. ఆ సంఘంలో తీరిక ఉన్నవాళ్లు ముందుగా వచ్చి తెచ్చుకున్నది తినేసేవారు. ఆలస్యంగా వచ్చినవాడికి ఆకలే మిగిలేది. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎవరై ఉంటారు? యజమాని విడిచిపెడితే తప్ప కదలలేని దాసులు, పొద్దుగూకేదాకా పని చేసే కూలీలు అయి ఉంటారని పండితులు చెబుతారు. పౌలు వాళ్లను తొందరగా రమ్మని మందలించలేదు. ముందుగా వచ్చినవారిని ఆగమన్నాడు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టమని చెప్పి ఆ అధ్యాయాన్ని ముగించాడు (11:33). ప్రభువు శరీరమేదో గుర్తించకుండా తినడమంటే ఏమిటని మనం ఎన్నో రకాలుగా వివరించుకుంటాం. ఆ పందిరి కింద ఎవరు ఇంకా రాలేదో గమనించకుండా తినడం కూడా అందులో ఒకటి.

మన తెలుగు సంఘాల పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. 1912 డిసెంబరు 29న బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం అందుకున్న మొదటి భారతీయుడు, దోర్నకల్ ప్రాంతపు పల్లెల్లో సంఘాలను కట్టిన తీరు చూడండి. అక్కడి విశ్వాసుల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. అందుకని పల్లెల్లో ప్రార్థన పగటిపూట కాకుండా, పొలం నుంచి తిరిగివచ్చాక చీకటి పడిన వేళ జరిగేది. కూలివాడి రోజు ఎక్కడ ముగిస్తే అక్కడ సంఘం మొదలయ్యేది. ఇక మెదక్ దేవాలయం కథ ఈ ప్రాంతంలో ఎరగని విశ్వాసి ఉండడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో పస్తులున్న జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆ కట్టడాన్ని చేపట్టారు. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించారు. ఆ గోపురాన్ని చూడ్డానికి ఏటా వేలమంది పోతారు. ఆకలిగొన్న కూలీలు రాయి మోసి కట్టిన గుడి అది అన్న సంగతి మాత్రం ఫొటోలో పడదు.

సంఘపెద్దలు కొందరు దీనికి అడ్డు చెబుతారని తెలుసు. ఇవాళ ఇప్పపువ్వు అంటారు, రేపు పెళ్లి అంటారు, ఎల్లుండి క్రికెట్ మ్యాచ్ అంటారు, సమాజముగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రికలో (10:25) ఉంది కదా అంటారు. వాళ్ల భయంలో నిజం లేకపోలేదు. బద్ధకానికి పని అని పేరు పెట్టేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. మొదటి వరుసలో కూర్చుని ఆరాధన అంతసేపూ ఫోను చూసుకునేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు హాజరు కిందికే వస్తారు! కానీ ఆ వచనానికి ముందున్న వచనం కూడా చదవాలి. ఒకరి సంగతి ఒకరు ఆలోచించుకోవాలని, ప్రేమ చూపడానికి ఒకరినొకరు పురికొల్పాలని అక్కడ ఉంది. కూడుకోమన్న ఆజ్ఞకు వేరు అదే. పనికి పోయినవాడికీ, పని లేక తప్పించుకున్నవాడికీ తేడా తెలియాలంటే ఒకటే దారి, వాళ్లింటికి వెళ్లి అడగాలి. రిజిస్టరు చూస్తే తెలియదు.

పునరుత్థాన దినాన ప్రభువు ఎవరెవరికి కనబడ్డాడో వరుసగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొదట చూసిన స్త్రీలు ఆరాధనకు వెళ్లలేదు. విశ్రాంతి దినం అడ్డొచ్చి మిగిలిపోయిన పని పూర్తి చేయడానికి, సుగంధ ద్రవ్యాలు పట్టుకుని చీకట్లోనే బయల్దేరారు. మన పల్లెల్లో ఇప్పపూలకు పోయే ఆడవాళ్లు లేచే వేళ అది. ఎమ్మాయు దారిలో ఇద్దరు యెరూషలేము విడిచి దూరంగా నడిచిపోతున్నారు, ప్రభువు వాళ్ల వెంట నడిచాడు. ఇక యోహాను 21వ అధ్యాయంలో ఏడుగురు శిష్యులు రాత్రంతా వల వేసి ఒక్క చేప పడక, తెల్లవారేసరికి అలసిపోయి ఉన్నారు. మన మాటల్లో చెప్పాలంటే రాత్రి షిఫ్టు. ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, రొట్టె, చేప సిద్ధం చేసి ఉంచి, వచ్చి తినమన్నాడు. పని ముగించి వచ్చేవాళ్ల కోసం ముందుగా వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నవాడు సర్వలోక ప్రభువు.

మళ్లీ తోమా దగ్గరికి వద్దాం. ఎనిమిది దినాలైన తరువాత శిష్యులు మళ్లీ లోపల ఉన్నారు, ఈసారి తోమా వారితో ఉన్నాడు (20:26). ఈ వచనంలో రెండు సంగతులు దాగి ఉన్నాయి. చూస్తే గాని నమ్మనని మొండికేసినవాణ్ణి తక్కిన పదిమంది వెలివేయలేదు. అతను కూడా వాళ్లను విడిచిపోలేదు. ఆ వారమంతా వాళ్ల మధ్య ఎన్ని వాదనలు జరిగాయో! అయినా కలిసే ఉన్నారు. ప్రభువు మళ్లీ వచ్చాడు. పదిమంది అప్పటికే చూశారు, వాళ్ల కోసం మళ్లీ రానక్కరలేదు. సమాధానం పలికి నేరుగా తోమా వైపు తిరిగాడు. ఒక్కడు లేకపోయాడని ప్రభువు తన ఈస్టరును రెండోసారి జరిపాడు.

మన సంఘాలు ఇది చేయలేవా? ఈస్టరు తరువాతి ఆదివారం సాధారణంగా మన గుళ్లు బోసిగా ఉంటాయి. పండుగ అలసట, ఎండ. ఆ ఆదివారాన్ని రానివారి పండుగగా ఎందుకు చేసుకోకూడదు? పొద్దున కాకుండా పొద్దుగూకాక, అడవి నుంచి మనుషులు తిరిగివచ్చి స్నానాలు చేశాక ఆరాధన పెట్టండి. గని ఊళ్లలో షిఫ్టుల పట్టిక చూసి వేళ నిర్ణయించండి, అవసరమైతే రెండుసార్లు జరపండి. ఆ రాత్రి సంస్కారం ఇవ్వండి, ఆ తరువాత అందరూ ఒకే పంక్తిలో భోజనం చేయండి. వంట మాత్రం ఈస్టరుకు తీరికగా వచ్చినవాళ్లు చేయాలి. ఇప్పపూలు ఏరి నడుము విరిగిన తల్లి చేత ఆ రోజు కూడా గిన్నెలు తోమించకూడదు. వచ్చినవారిని అన్నాళ్లు ఎక్కడికి పోయారని ఎవరూ అడగకూడదు.

రోజు మారితే పండుగ పవిత్రత తగ్గుతుందని అనుకునేవారు గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలను అడగండి. నిర్మల్, జగిత్యాల వైపు ఇంటికొకరు అక్కడ ఉన్న పల్లెలున్నాయి. కువైట్, బహ్రెయిన్ దేశాల్లో శుక్రవారం వారపు సెలవు కనుక అక్కడి తెలుగు సంఘాలు శుక్రవారమే ఆరాధనకు కూడుకుంటాయి. ఎమిరేట్స్‌లో 2022 జనవరి 1 నుంచి వారాంతం శని, ఆదివారాలకు మారింది గానీ, అంతకుముందు అక్కడా శుక్రవారమే. పునరుత్థానుడైన ప్రభువు వాళ్ల మధ్యకు రాలేదని ఎవరనగలరు?

ఈస్టరు వేకువన సమాధుల తోటలో ఒక పని చూస్తుంటాను. సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించిన సమాధుల మధ్య ఒకటో రెండో చీకటిగా ఉంటాయి. కొడుకు గనిలో ఉన్నాడో, దుబాయ్‌లో ఉన్నాడో, ఆ వేళ ఏ చెట్టు కింద గంప నింపుతున్నాడో. పక్క సమాధి దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు తమ దగ్గర మిగిలిన కొవ్వొత్తి తీసుకువెళ్లి అక్కడ వెలిగిస్తారు. గాలికి ఆరిపోకుండా చేయి అడ్డుపెట్టి కాసేపు నిలబడతారు. ఈ మధ్య కొందరు దాన్ని ఫోనులో ఫొటో తీసి ఆ కొడుక్కి పంపిస్తున్నారు. షిఫ్టు దిగాక అతను చూసుకుంటాడు.