బల్బు పీకితే జబ్బు పోదు!

తెలకపల్లి నుంచి ఓ యువకుడు పెద్ద ఉత్తరమే రాశారు. సెకండ్‌హ్యాండ్‌లో ఓ చిన్న కారు కొన్నారట. పాత యజమానికి రేసింగ్ పిచ్చి. ట్రాక్ మీద తిప్పుకోవడానికి కంపెనీ స్టీరింగ్ తీసేసి చిన్న స్పోర్ట్స్ స్టీరింగ్, ముందు బకెట్ సీట్లు, నాలుగు పట్టీల బెల్టు పెట్టించుకున్నాడు. ఈయన కొన్నాక పాత స్టీరింగ్, సీట్లు, బెల్టులు సంపాదించి మళ్లీ బిగించారు. బండి బ్రహ్మాండంగా నడుస్తోంది. మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం మాత్రం ఆరడం లేదు. ‘‘అన్నా, బల్బు పీకేస్తే అయిపోతది, దీనికింత పరేషానెందుకు?’’ అన్నాడట ఓ మెకానిక్. అమ్మానాన్నల్ని ఇదే కారులో శ్రీశైలం తీసుకెళ్లాలి, బల్బు తీయించుకోవచ్చా అన్నది ఆయన ప్రశ్న.

వద్దు. ఎందుకో చూద్దాం.

తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి. ఐదారు సెకన్లుండి ఆరిపోవాలి. ఆ కాసేపట్లో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు బడిలో మాస్టారిలా హాజరు వేస్తుంది. స్టీరింగ్‌లోని సంచి, డ్యాష్‌బోర్డులోని సంచి, సీటుబెల్టు బిగించే పరికరం, ముందువైపు సెన్సర్లు... అన్నీ ‘ఉన్నాం’ అంటేనే దీపం ఆర్పుతుంది. ఒక్కటి పలక్కపోయినా వెలిగించే ఉంచుతుంది. అలా వెలుగుతోందంటే, గుద్దుకున్నప్పుడు సంచి తెరుచుకుంటుందన్న భరోసా లేదని అర్థం. బల్బు తీసేస్తే ఆ సంగతి చెప్పేవాడి నోరు నొక్కడమే. సంచి పనిచేయదు సరికదా, పనిచేయదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

మరి జబ్బు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? ముందుగా చవకైనవి, తేలికైనవి చూసుకోవాలి.

మొదట బ్యాటరీ. చాలాకాలం నిలబెట్టిన బండిలో బ్యాటరీ నీరసిస్తే ఈ దీపం వెలగొచ్చు. తర్వాత, స్కానర్. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. వాటిలో ‘లోపాలేం లేవు’ అని వస్తే సంబరపడొద్దు. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదవగలిగే స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌కే వెళ్లాలి. ఏ తీగ దగ్గర తేడా ఉందో కోడే చెబుతుంది. దాన్ని రాసుకోకుండా చెరిపించుకోవద్దు.

ఈ కారు విషయానికొస్తే అనుమానించాల్సినవి మూడు. ఒకటి, స్టీరింగ్ కింద ఉండే క్లాక్ స్ప్రింగ్. చక్రం ఎటు తిరిగినా సంచికి కరెంటు అందేలా, గడియారం స్ప్రింగులా చుట్టిన పల్చటి రిబ్బను తీగ అది. స్టీరింగ్ ఊడదీసి బిగించేటప్పుడు దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టకపోతే, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు తెగిపోతుంది. దీపంతోపాటు హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా మొరాయిస్తుంటే దోషం దాదాపు దీనిదే. రెండు, సీట్ల కింద పసుపురంగు కనెక్టర్లు. సీట్లు మార్చినప్పుడు అవి వదులుగా ఉండిపోతాయి. పల్లెల్లో అయితే ఎలుకలు కొరికిన తీగలూ తక్కువేం కాదు. మూడు, సీటుబెల్టులు. చాలా కార్లలో గుద్దుకోగానే బెల్టును బిగించడానికీ చిన్న పేలుడు పరికరం ఉంటుంది. దాని తీగ తగిలించకపోయినా దీపం ఆరదు.

ఇవన్నీ బాగుంటే అసలు భయం అప్పుడే. ఆ కారు ఎప్పుడో గుద్దుకుని, సంచులు తెరుచుకుని ఉండొచ్చు. పైన కొత్త మూత బిగించి, లోపల ఖాళీగా అమ్మేసేవాళ్లున్నారు. ప్రమాదం జరిగినట్టు కంప్యూటర్‌లో నమోదై ఉంటే అదీ కోడ్‌లో బయటపడుతుంది.

ఒక హెచ్చరిక. సంచి కనెక్టర్లలో మల్టీమీటర్ ముళ్లు పెట్టి చూడొద్దు. ఆ కాస్త కరెంటుకే సంచి పేలే ప్రమాదం ఉంది. ఏ కనెక్టర్ ముట్టుకోవాలన్నా ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, సర్వీసు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. బ్యాటరీ తీసినా కంప్యూటర్‌లో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా సంచి తెరుచుకోవాలనే ఆ ఏర్పాటు. నిజానికి ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

బల్బు పీకడంకన్నా తెలివైన మోసం ఇంకోటుంది. సంచి స్థానంలో రెండు మూడు ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తారు. కంప్యూటరు దాన్నే సంచి అనుకుని దీపం ఆర్పేస్తుంది! ట్రాక్ మీద తప్ప ఇంకెక్కడా తిరగని బండ్లకు కొందరు ఇలా చేస్తుంటారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది కదా, ఆ కార్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. కానీ వాటికి బదులు ఒంటిని సీటుకు కట్టేసే పట్టీలు, హెల్మెట్, మెడ విరగకుండా తలను పట్టి ఉంచే పరికరం, కారు నుజ్జయినా మనిషి నలగని గట్టి తొట్టి ఉంటాయి. ఒక రక్షణ తీసి అంతకు మించిన రక్షణ పెట్టారు. మన దగ్గర మార్పులు చేసిన బండ్లలో చాలావాటిలో ఆ ఒక్కటీ తీసేస్తారు, బదులు ఏదీ పెట్టరు. ఎవరైనా లోపల ఇనుప గొట్టాల కేజ్ బిగించినా, హెల్మెట్ లేని తలకు ఆ గొట్టమే శత్రువు. ట్రాక్ బండి ట్రాక్‌లోనే ఉండాలి, ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి అన్నీ ఉండాలి. అటూ ఇటూ కానిదే అన్నిటికన్నా ప్రమాదం.

చట్టం సంగతీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకీ రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

కాబట్టి తెలకపల్లి మిత్రుడికి నా సలహా... ముందు కోడ్ చదివించండి. ఎయిర్‌బ్యాగ్ విడిభాగాలు తుక్కు కొట్లలో కొనొద్దు, కొత్తవే వేయించండి. మన్ననూరు దాటాక నల్లమల మలుపులు మీకు తెలియనివి కావు. దీపం దానంతటది ఆరేదాకా అమ్మానాన్నలకు ఆర్టీసీ బస్సే మేలు. ఆరాక కూడా బెల్టు మానొద్దు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడే కానీ బదులు కాదు. బెల్టు లేకుండా ముందుకు తూలినవారిని, రెప్పపాటులో ఉబ్బే ఆ సంచే గాయపరచొచ్చు.

సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లే మిగతా పాఠకులూ ఓ మాట వినండి. స్టార్ట్ చేయకముందు తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగండి. ఎయిర్‌బ్యాగులున్న బండిలో ఆ దీపం వెలిగి ఆరితే సరే. వెలిగి ఆరకపోతే బేరం తగ్గించి బాగుచేయించుకోవచ్చు. అసలు వెలగనే వెలగకపోతే మాత్రం, ఎవరో ముందే బల్బు పీకేశారేమోనని అనుమానించండి. సంగతి తేలేదాకా డబ్బు జేబులోంచి తీయకండి!