అనంత నేలకు ఏ పైలు?

సోలార్ పార్కుల పునాదుల చర్చలో ఈమధ్య వైబ్రో హ్యామర్ పేరు వినిపిస్తోంది. ఇది సుత్తిలా మోదదు, కంపనంతోనే ఉక్కు పైలును, అంటే పునాది స్తంభాన్ని, నేలలోకి దింపుతుంది. మోత తక్కువ, వేగం ఎక్కువ. జర్మనీ తీర సముద్రంలో 2022లో పూర్తయిన కాస్కాసి పవన విద్యుత్ కేంద్రంలో కొన్ని భారీ గొట్టపు పైళ్లను పూర్తి లోతుకు ఇలాగే దింపారు. అనంతపురం పీఠభూమిలో మాత్రం చాలాచోట్ల ఇది అక్కరకు రాదు. కారణాలు పాతవే: నేలలో నీళ్లు లేవు, కింద రాయి ఉంది.

ఇరుసుకు ఓ పక్కకు ఒరిగిన బరువులు యంత్రంలో జంటలుగా ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అడ్డంగా పుట్టే బలాలు ఒకదానికొకటి చెల్లిపోయి, నిలువు ఊపు మిగులుతుంది. నీరు నిండిన ఇసుకలో ఆ ఊపుకు రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి పట్టు సడలుతుంది. అప్పుడు పైలు తన బరువుకూ యంత్రం బరువుకూ దిగిపోతుంది. 1949లో సోవియట్ ఇంజినీరు బార్కన్ వోల్గా నది మీద గోర్కీ జలవిద్యుత్ కేంద్రంలో షీట్ పైళ్లను దింపింది ఈ పద్ధతిలోనే. పోలవరంలో గోదావరి ఇసుకను గట్టిపరచిన వైబ్రో కాంపాక్షన్ కూడా కంపనం మీద ఆధారపడ్డదే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో నేలకు ఆ నీరు లేదు. పైన కాస్త ఎర్రమట్టి, కింద గరుసు, ఆ కింద గ్రానైట్, నైస్ రాళ్లు. రాయి తగిలితే ఎంత ఊపినా పైలు కదలదు, తల చితికిపోతుంది. 1,500 మెగావాట్ల లక్ష్యంతో తలపెట్టిన నంబులపూలకుంట పార్కు, 2022 విభజన తర్వాత శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, ఈ పీఠభూమిదే. ఇలాంటి రాతిలో నమ్మదగింది బోరుబండి విద్యే. గాలి ఒత్తిడితో కొట్టే సుత్తితో రాయిని పొడిచి, స్తంభం నిలిపి, కాంక్రీటు పోయడం. అప్పులు చేసి వందల అడుగులు బోర్లు వేయించిన రైతును అడిగితే రాయి ఎన్ని అడుగులకు తగులుతుందో చెబుతాడు. ఆ జ్ఞానానికి టెండర్లలో విలువ లేకపోవడం విడ్డూరం.

సోలార్ పలకల బరువు స్తంభానికి పెద్ద లెక్క కాదు. గాలి వాటిని పైకి లాగేస్తుందన్నదే భయం. కాబట్టి రాయి తగిలిందని సగంలో ఆపేసిన పైలు నిలబడ్డట్టే కనిపిస్తుంది, ఈదురుగాలికి బయటపడుతుంది. తాడిపత్రి వైపు నల్లరేగడిది మరో చిక్కు. ఎండకు నెర్రెలిచ్చే పై పొర పట్టును లెక్కలోకి తీసుకోకూడదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) అడుగున ఉబ్బుగా ఉండే అండర్ రీమ్డ్ పైళ్లను ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసింది.

వైబ్రో హ్యామర్‌కు జిల్లాలో చోటే లేదనడం లేదు. పెన్నా, చిత్రావతి ఇసుకలో వంతెన పైళ్లకు తాత్కాలిక ఉక్కు గొట్టాలు దింపడానికి, తిరిగి లాగడానికి అది పనికొస్తుంది.

పార్కుల్లో పైలుకింత అని ఒకే రేటు కడితే, గుత్తేదారు రాతిచోట లోతు తగ్గించడానికే చూస్తాడు. మట్టికి, గరుసుకు, రాతికి వేర్వేరు రేట్లుండాలి. పని మొదలవకముందే నమూనా పైళ్లను లాగి పరీక్షించి, ఆ ఫలితాలను, నేల పొరల వివరాలను అందరికీ తెలిసేలా పెట్టాలి.