గృహకృత్యములు: కారు ముందరి నంబరు పలకయు, దాని రంధ్రములును



చీరకు పడిన చిరుగును కుట్టుట, గోడకు పడిన బీటను పూడ్చుట మనము తరతరములుగా నెఱిగిన పనులు. నేడు పల్లెలలో సైతము పెక్కు ఇండ్ల ముంగిట కారు నిలిచియున్నది. దాని ముందరి బంపరునకు పడిన రంధ్రములను పూడ్చుటయు నిట్టి పనియే. దీనిని గూర్చి యీ మాసము కొంత ముచ్చటింతము.

మన తరిగొప్పుల వీథులలో బండి వయస్సును దాని నంబరే చెప్పును. 2014కు పూర్వము వరంగల్లు జిల్లాలో నమోదైన వానికి ఏపీ 36 అనియు, తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప టీఎస్ 03 అనియు, 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా వేరైన తరువాత టీఎస్ 27 అనియు నుండును. 2024 మార్చి నుండి క్రొత్తగా నమోదగు బండ్లకు టీజీ 27 వచ్చినది. పాత బండ్లవారు తమ అక్షరములను మార్చుకొననక్కరలేదు.

అక్షరములు మారకున్నను పలకలు మారుచున్నవి. 2019 ఏప్రిల్ 1 నుండి అమ్ముడుపోవు ప్రతి బండికిని హై సెక్యూరిటీ నంబరు ప్లేటుండవలెనని నియమము. అది అల్యూమినియపు రేకు. దాని యెడమ ప్రక్క నీలవర్ణమున భారతదేశపు గుర్తును, పైన అశోకచక్రపు హోలోగ్రాము ముద్రయు నుండును. అంతకు ముందటి బండ్లకును పాత పలకను తీసి దీనిని బిగించుచున్నారు. కారు పలక సాధారణముగా 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల వెడల్పు గలది. పాత పలకను మోసిన బ్రాకెట్టు మరలొకచోట, క్రొత్త పలక మరలు వేరొకచోట నుండుటచే పనికిరాని రంధ్రములు రెండో నాలుగో బయటపడును. పూడ్చవలసినవి యివియే.

పని మొదలిడుటకు ముందొక్క మాట. మన దేశమున బ్రాకెట్టును తీయవచ్చును గాని ముందరి పలకను తీసి తిరుగరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును, 1989 నాటి నిబంధనలును నంబరును ముందును వెనుకను కనబఱుపవలెననుచున్నవి. కారు నంబరులోని యక్షరముల యెత్తు 65 మిల్లీమీటర్లుండవలెను. కెమేరా కంటికి దొరకకుండుటకై ముందరి పలకను విప్పివేయు యువకులు కొందఱున్నారు. ఇంటి కుఱ్ఱవాడు స్క్రూడ్రైవరు పట్టుకొని బండి ముందు కూర్చుండినపుడు ఏమి విప్పుచున్నాడో తల్లి యడిగి తెలిసికొనవలెను.

ఇది జరిమానా భయముచే చెప్పు మాట కాదు. మహాకవి కాళిదాసు నాటకమున శకుంతల వ్రేలి యుంగరము నీట జారిపోగా దుష్యంతుడు సభలో నామెను గుర్తింపలేకపోయెను. ఆనవాలు పోయినందున కష్టము శకుంతలదే యయ్యెను. బండి విషయమున అట్లు గాదు. ఆనవాలు లేని బండి సుఖముగా పోవును. కష్టము దారిప్రక్కన నిలిచినవారిది. జనగామకు చదువుకొనబోవు బాలిక యెదుట ఆటో వచ్చి ఆగునపుడు, ఎక్కుటకు ముందు ఆమె చదువగలది ముందరి నంబరునే. దానిని తల్లికి ఫోనులో చెప్పి యెక్కుట మంచి యలవాటు. పసుపు పలకపై నల్లని యక్షరములున్న బండి కిరాయిది. తెల్లని పలకపై నల్లని యక్షరములున్నది సొంతది. విద్యుత్తుతో నడచువానికి ఆకుపచ్చని పలక యుండును. చీకటిలో నెవరినైన గ్రుద్ది పోయిన బండిని పట్టియిచ్చునదియు నీ నంబరే. మనవారి రక్షణకు ఎదుటి బండి పలక యెంత యవసరమో, ఎదుటివారి రక్షణకు మన బండి పలకయు నంతే.

అమెరికాలో పిల్లలున్న తల్లులకు వేరొక ముచ్చట. అచ్చట నీ నియమము రాష్ట్రమునకొక తీరుగ నున్నది. టెక్సాసు, కాలిఫోర్నియాలలో ముందును వెనుకను పలక యుండవలెను. జార్జియా, పెన్సిల్వేనియాలలో వెనుక నొక్కటి చాలును. ఒహాయో రాష్ట్రము 2020 జూలై 1 నుండి ముందరి పలకను విడిచినది. కావున డల్లాసు నుండి అట్లాంటాకు కాపురము మార్చిన మన పిల్లలు బ్రాకెట్టు విప్పి రంధ్రములు పూడ్చుకొనుట న్యాయమే. క్రింద చెప్పు పద్ధతి వారికిని పనికివచ్చును.

ఇక పని. ముందుగా బంపరును సబ్బునీటితో కడిగి ఆరనిండు. బ్రాకెట్టు మరలతో నున్నచో ఎడమకు త్రిప్పిన వదలును. తుప్పుపట్టి కదలనిచో తుప్పు వదలించు నూనె రెండు చుక్కలు వైచి కొంతసేపు ఓపిక పట్టవలెను. రివెట్లతో నున్నచో మెకానిక్కునకు విడుచుట మేలు. ఉలి పెట్టి పెకలించినచో రంగు పెచ్చులుగ లేచును. హై సెక్యూరిటీ పలకను మాత్రము మనము విప్పరాదు. దాని తాళపు మర యొక్కసారి బిగించుటకే చేయబడినది, విప్పిన విరుగును.

రంధ్రము క్రొత్త పలక చాటున పడినచో దానిని అట్లే విడువవచ్చును. బయటికి కనబడునవి మాత్రమే మన పని. వీనికి సులువైన మార్గము బిరడా. బంపరు రంగు గల రబ్బరు లేక ప్లాస్టిక్కు బిరడాలను రంధ్రపు కొలతకు తెచ్చి వ్రేలితో నొక్కిన చాలును. రంగుతో పనిలేదు, వలదనుకొన్న నాడు తీసివేయవచ్చును.

రంధ్రము జాడయే కనబడరాదన్నచో లప్పము పెట్టవలెను. ఇక్కడనే చాలమంది పొరపడుదురు. నేటి కార్ల బంపర్లు పెక్కులు పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కువి. ఎండకు సాగును, చలికి ముడుచుకొనును, తాకిన వంగును. గోడలకు పెట్టు లప్పమును, ఇనుప రేకులకు పెట్టు గట్టి లప్పమును దీనిపై నిలువవు. కొన్ని దినములకే పగిలి రాలును. ప్లాస్టిక్కు బంపర్లకని ప్రత్యేకముగ నమ్ము, రెండు పాళ్లు కలుపు మెత్తని లప్పమునే తేవలెను. రంధ్రపు అంచులను పళ్లెము వలె కొంచెము లోతుగ గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు తుడిచి, వెనుక ప్రక్క గాజునార పట్టీ నంటించి, ముందునుండి లప్పము నింపవలెను. బాగుగ గట్టిపడిన పిదప 180, 320, 600 నంబర్ల ఉప్పుకాగితములతో వరుసగా నునుపు చేసి, ప్లాస్టిక్కునకు తగిన ప్రైమరు, దానిపై రంగు, ఆపై పారదర్శకమైన పూత పలుచగ రెండు మూడేసి మార్లు వేయవలెను. రంగు సంకేతము తలుపు ప్రక్క స్తంభముపైనో ఇంజను మూత క్రిందనో అతికిన చీటిపై నుండును. ఈ పని యారుబయట, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పొయ్యికి దూరముగ చేయుడు. పిల్లలను దరిజేరనీయకుడు.

ఐనను పాత కారు రంగు ఎండకు వెలిసియుండును. క్రొత్త రంగు మచ్చవలె తెలియును. కావున పాత బండికి బిరడాయే నా సలహా. 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లలో మెఱయు ఇనుప బంపరు గలవానికిని అంతే. కాకున్న నందు రంధ్రపు అంచున తుప్పును గీకి, తుప్పునాపు ప్రైమరు పూసి, ఆ పిదప బిరడా పెట్టవలెను. ఇనుమునకు నీరు శత్రువు.

క్రొత్తగ రంధ్రములు వేయవలసినచో మీరు పూనుకొనకుడు. కొన్ని కార్లకు బంపరు వెనుక సెన్సార్లును, వాని తీగలును, రేడియేటరును దగ్గరగ నుండును. పొడుగు మర యొక్కటి లోనికి దిగిన వాని బాగు ఖర్చు కారు యజమాని నెత్తిన పడును.

అక్కఱలేని రంధ్రమును శ్రద్ధగ మూయుడు. చదువవలసిన నంబరును మాత్రము మూయకుడు, మూయనీయకుడు. వారమునకొకసారి బండి కడుగునపుడు తడిగుడ్డతో ముందును వెనుకను పలకల బురద తుడుచుట మఱువకుడు.