శిశుపోషణము: జ్వరపుమూర్ఛయు, మెదడు పరీక్షయు

జ్వరముతో నున్న బిడ్డ కన్నులు తేలవేసి, కాలుసేతులు కొట్టుకొనుట చూచిన తల్లి భయము ఇంతింతయని చెప్పనలవి కాదు. మూర్ఛ తగ్గి బిడ్డ ఆటలాడుచున్నను ఆ భయము వదలదు. “మెదడునకేమైన చెడినదా? ఈ.ఈ.జీ. తీయింపవలదా?” అని ఇంటివారందరును తొందరపడుదురు. ఈ విషయమున వైద్యశాస్త్రము చెప్పునది సోదరీమణులకు తెలుపగోరుచున్నాము.

6 నెలలు మొదలు 5 ఏండ్ల వరకు గల పిల్లలలో నూటికి 2 నుండి 5 మందికి జ్వరపుమూర్ఛ వచ్చును. దేహమంతయు కొట్టుకొని, 15 నిమిషములలోపల తగ్గి, 24 గంటలలో మరల రానిచో అది సామాన్యమైనది. చూచుటకు భయంకరమే గాని, దానివలన బిడ్డ బుద్ధి మందగింపదు.

మన మెదడునందు స్వల్పమైన విద్యుత్తరంగములు ఎల్లప్పుడును పుట్టుచుండును. జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్ వానిని 1924లో మనుష్యుని తలపైనుండి గుర్తించి, 1929లో లోకమునకు వెల్లడించెను. ఈ పరీక్షలో బిడ్డ తలకు చిన్న బిళ్లలంటించి, ఆ తరంగములను గీతలుగా వ్రాయింతురు. నొప్పి యుండదు, లోనికి విద్యుత్తు పంపరు.

“అట్లైన తీయించిన నష్టమేమి?” అని యడుగవచ్చును. ఎన్నడును మూర్ఛ రాని పిల్లలలో సైతము కొందరి గీతలందు తేడాలు కనబడును. సామాన్య జ్వరపుమూర్ఛ వచ్చిన బిడ్డకు ముందుముందు మూర్ఛరోగము కలుగునో లేదో ఆ గీతలు చెప్పజాలవు. కావుననే ఆరోగ్యముగానున్న అట్టి బిడ్డకు ఈ పరీక్ష చేయరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2011లో నిర్ణయించినది. “గీతలలో దోషమున్నది” అను మాట ఒక్కసారి ఇంట పుట్టినచో, అక్కరలేని మందులు మ్రింగింతురు. ఆడపిల్ల యైనచో పెండ్లిమాటల వరకు ఆ ముద్ర వెంటనంటును.

మూర్ఛ ఒక ప్రక్కకే వచ్చినను, చాలసేపు విడువకున్నను, జ్వరము లేకయే వచ్చినను, బిడ్డ ఎదుగుదల వెనుకబడియున్నను వైద్యుడు ఈ పరీక్ష కోరవచ్చును. అప్పుడు వెనుదీయరాదు.

ఇంతకును వైద్యునకు ముఖ్యముగా కావలసినది తల్లి కన్నులార చూచిన సంగతి. ఎన్ని నిమిషములుండెను? దేహమంతయునా, ఒక ప్రక్కనా? మరల వచ్చెనా? గడియారము చూచి గుర్తుంచుకొనుడు. బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోట చెంచా గాని, నీరు గాని, మందు గాని పెట్టకుడు. చేత తాళపుచెవు లుంచుట నిరర్థకము. వాతలు పెట్టుట ఘోరము. 5 నిమిషములు దాటినచో వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును. తొలిసారి వచ్చిన మూర్ఛ తగ్గినను ఆనాడే వైద్యునకు చూపవలయును. మెదడుపొరల వాపు కాదని తేల్చుకొనుట అత్యవసరము. మెడ బిగిసినను, మత్తు వీడకున్నను క్షణమైన ఆలసింపరాదు.

ముగ్గురిలో ఒకరికి మరియొక జ్వరమున మూర్ఛ మరల రావచ్చును. అది ముందే యెరిగిన తల్లి రెండవసారి బెదరక, చేయవలసినది చేయగలదని మా నమ్మకము.