మాయమైన మల్చింగ్ షీట్ ఎక్కడికి పోయింది?



మొన్న మా టమాటా చేలో కలుపు తీస్తుంటే మట్టిలో నల్లగా గోరంత ముక్కలు తగిలాయి. చూస్తే, మూడేళ్ల కింద పుచ్చకాయకు పరిచిన మల్చింగ్ షీట్! అప్పుడు కూలీలు దొరక్క సగం లాగి, మిగతాది రోటవేటర్ వేసి కలిపేశాను. ఎండకు పొడైపోతుందిలే అనుకున్నా. తప్పు నాదే. పొడి అయింది గానీ పోలేదు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలకు షీట్ పెళుసెక్కుతుంది, ముట్టుకుంటే ముక్కలవుతుంది. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటారు. అది మట్టిలో కలిశాక ఎండ తగలదు, ఇక ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ల్యాబులో దీన్ని పట్టుకోవడం కూడా అంత తేలిక కాదు. మట్టిని చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే ఇసుక, మన్ను కిందికి దిగుతాయి, ప్లాస్టిక్ తేలుతుంది. దానితో తేలిన వేర్లు, చెత్తను హైడ్రోజన్ పెరాక్సైడుతో కరిగిస్తారు. మిగిలిన ముక్క మీద పరారుణ కాంతి వేసి అది ఏ ప్లాస్టికో గుర్తుపడతారు. ఒక్కో ప్లాస్టిక్‌కు ఒక్కో వేలిముద్ర ఉంటుందన్నమాట. కానీ ఎండకు మాగిన ముక్కలో ఆక్సిజన్ చేరి ఆ వేలిముద్రే మారిపోతుంది. కొత్త షీట్ ముద్రతో పోల్చితే సరిపోలదు. నల్ల షీట్‌లోని కార్బన్ ఆ కాంతిని మింగేస్తుంది. మట్టి గట్టిగా పట్టిన ముక్కలు తేలకుండా మునిగిపోతాయి. అంటే పరీక్షలో కనపడిన దానికంటే చేలో ఉన్నది ఎక్కువే కావచ్చు.

మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. దోసెడు ఎండిన మట్టిని ఉప్పునీళ్లలో కలిపి గంట వదిలేయండి. తేలిన ముక్కకు ఎర్రగా కాల్చిన సూది తగిలించండి. కరిగి ముడుచుకుంటే ప్లాస్టిక్, మాడితే గడ్డి. కంటికి ఆనని పొడి మాత్రం దీనికి దొరకదు.

మల్చింగ్ మానేయమంటావా అని మీరు అడగొచ్చు. మాననక్కర్లేదు. నీళ్లు ఆదా, కలుపు తక్కువ, నేనూ వాడుతున్నా. కానీ పరచడమే కాదు, తీయడం కూడా సేద్యంలో భాగమే అంటున్నా. చైనాలో 2018 నుంచి 10 మైక్రాన్ల కంటే పలుచని షీట్ పనికిరాదని నిబంధన పెట్టారు. ఎందుకు? మరీ పలుచనిది చిరిగిపోయి చేలోంచి తీయడానికి రాదు.

మన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు చూస్తారు, అందులో ప్లాస్టిక్ లేదు. షీట్ పరచడానికి సబ్సిడీ ఉంది. తీసి అప్పగించడానికి కూడా ఉండాలని ఉద్యాన శాఖను మనమే అడగాలి.

అంతవరకు ఒక్క పని చేయండి అన్నా. చివరి కోత అయిన వెంటనే, షీట్ పెళుసెక్కకముందే డ్రిప్ పైపులు చుట్టేసి దాన్ని లాగేయండి. కాల్చొద్దు, దున్నొద్దు. షీట్ కొనేటప్పుడే తీసే కూలీ కూడా లెక్కలో రాసుకోండి. ఆ రోజు నేను మిగుల్చుకున్న కూలి డబ్బులు ఎప్పుడో ఖర్చయిపోయాయి. ఈ ముక్కలు మాత్రం మా పిల్లలకు కూడా మిగిలేలా ఉన్నాయి.

మీ చేలో పరిస్థితి ఏంటో కింద రాయండి.